అన్నం మానడం కాదు, కంచం మార్చడం
పిండిపదార్థాల గురించి మన ఇళ్ళలో అందరూ తెలుసుకోవలసిన సంగతులు

ఒక రోజు తెల్లవారుజామున ఐదు గంటలకు ఆటోలో ఒక పెద్దాయనను మా ఆసుపత్రికి తీసుకొచ్చారు. అరసవల్లికి దగ్గర పల్లెలో వ్యవసాయం చేసుకునే మనిషి. వయసు అరవై దాటింది. ఒళ్ళంతా చెమటలు, చొక్కా తడిసి ముద్దయింది. పిలిస్తే పలకడం లేదు, భార్యను కూడా గుర్తుపట్టడం లేదు. పక్షవాతం వచ్చిందని ఇంటివారు భయపడ్డారు. వేలి నుంచి చుక్క రక్తం తీసి చూస్తే షుగరు 38 మాత్రమే ఉంది.

సెలైను సూది ద్వారా గ్లూకోజు ఎక్కించిన కొద్ది నిమిషాలకే ఆయన కళ్ళు తెరిచారు. "ఏటైంది?" అని అడిగారు. అప్పుడు ఆయన భార్య అసలు విషయం చెప్పింది. "సుగరు వచ్చిందని తెలిసిన కాడ నుంచి అన్నం తింటే పోతావని అందరూ బెదిరించినారమ్మా. అన్నం ఒగ్గీసినాడు. బిళ్ళలు మాత్రం ఒగ్గనేదు."

ఈ రెండు ముక్కల్లోనే జబ్బు కారణమంతా ఉంది. ఆయన రోజుకు రెండు పూటలా వేసుకునే మాత్ర రక్తంలోని చక్కెరను తగ్గించేది. తగ్గించడానికి కడుపులో ఏమైనా ఉండాలి కదా! ముందురోజు రాత్రి ఆయన తిన్నది ఒక గ్లాసు మజ్జిగ, రెండు దోసకాయ ముక్కలు. మాత్ర తన పని తాను చేసింది.

షుగరు జబ్బు అని చెప్పగానే మా దగ్గర రోగులు అడిగే మొదటి ప్రశ్న ఒక్కటే: "అయితే ఇక అన్నం మానేయాలా?" దానికి జవాబు ఒక్క మాటలో చెప్పలేము. అందుకే ఈ నెల ఈ వ్యాసం. షుగరు ఉన్నవారికే కాదు, లేనివారికీ, పిల్లల తల్లులకూ, వంట చేసే ప్రతి ఒక్కరికీ ఇది ఉపయోగపడుతుందని ఆశిస్తున్నాము.

పిండిపదార్థాలంటే ఏమిటి?

మనం తినే ఆహారంలో శక్తినిచ్చేవి ముఖ్యంగా మూడు: పిండిపదార్థాలు, మాంసకృత్తులు, కొవ్వులు. పిండిపదార్థాలనే ఇంగ్లీషులో కార్బోహైడ్రేట్లు అంటారు. మొక్క తన ఆకుల్లో సూర్యరశ్మిని పట్టుకుని, గాలిలోని బొగ్గుపులుసు వాయువును, వేరు పీల్చిన నీటిని కలిపి చక్కెరగా మారుస్తుంది. ఆ చక్కెరను గొలుసులుగా పేర్చి గింజలోనో దుంపలోనో దాచుకుంటుంది. మనం తినే అన్నం మెతుకు అంటే దాచిపెట్టిన ఎండే. సూర్యదేవాలయం ఉన్న ఊరివారికి ఈ మాట ప్రత్యేకంగా చెప్పనక్కరలేదు!

పిండిపదార్థాలను మూడు రకాలుగా చెప్పుకోవచ్చు.

మొదటిది చక్కెరలు. పంచదార, బెల్లం, తేనె, పండ్లలోని తీపి, పాలలోని తీపి ఈ కోవకు చెందినవి. ఇవి త్వరగా రక్తంలో కలుస్తాయి.

రెండవది గంజి పదార్థం, అంటే స్టార్చి. బియ్యం, గోధుమ, చోళ్ళు, జొన్నలు, గంటెలు, బంగాళాదుంప, కంద, చేమ, చిలకడదుంప వీటిలో ఉండేది ఇదే. నోటికి తీపిగా అనిపించదు గాని, పేగుల్లో అరిగాక ఇదీ గ్లూకోజుగానే మారుతుంది. "నేను తీపి ముట్టను డాక్టరు గారూ, అయినా షుగరు ఎందుకు పెరుగుతోంది?" అని అడిగేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడవది పీచు. ఆకుకూరలు, కూరగాయలు, పప్పుల పొట్టు, గింజల తవుడులో ఉంటుంది. ఇది మనకు అరగదు. అరగకపోవడమే దీని గొప్పతనం. మిగతా ఆహారం నుంచి చక్కెర రక్తంలోకి నెమ్మదిగా చేరేలా చేస్తుంది, మలబద్ధకం రానీయదు, పేగుల్లోని మేలు చేసే సూక్ష్మజీవులకు ఆహారమవుతుంది.

ఒంట్లో వీటి పని ఏమిటి?

ఒక గ్రాము పిండిపదార్థం నుంచి సుమారు 4 కేలరీల శక్తి వస్తుంది. మాంసకృత్తులకూ అంతే, కొవ్వుకైతే 9. మన మెదడు ఒక్కటే రోజుకు సుమారు 120 గ్రాముల గ్లూకోజును వాడుకుంటుంది. అందుకే షుగరు బాగా పడిపోయినప్పుడు ముందుగా తిక్కమకపడేది మెదడే. మనం పైన చెప్పుకున్న పెద్దాయన భార్యను గుర్తుపట్టలేకపోవడానికి కారణం అదే.

తిన్న వెంటనే ఖర్చు కాని గ్లూకోజును శరీరం కాలేయంలోను, కండరాలలోను గ్లైకోజెన్ అనే రూపంలో దాచుకుంటుంది. ఆ గిడ్డంగి చిన్నది. కాలేయంలో పట్టేది సుమారు 100 గ్రాములే. అది నిండాక మిగిలినది కొవ్వుగా మారి పొట్ట చుట్టూ, కాలేయం లోపలా పేరుకుంటుంది. నాగలి పట్టి పొలం దున్నిన తాతగారు పెద్ద పళ్ళెం నిండా అన్నం తిన్నా సాయంత్రానికి ఖర్చయిపోయేది. మోటారు సైకిలు మీద ఆఫీసుకు వెళ్ళి కుర్చీలో కూర్చునే మనవడు అంతే అన్నం తింటే అది ఖర్చు కాదు. అన్నం మారలేదు, మన పని మారింది.

పిల్లలకు విరేచనాలు పట్టుకున్నప్పుడు ఇచ్చే ఓ.ఆర్.ఎస్. ద్రావణంలో కూడా గ్లూకోజు ఉంటుంది. అది రుచి కోసం కలిపింది కాదు. పేగు గోడ నుంచి ఉప్పును, దానితో పాటు నీటిని లోపలికి తీసుకువెళ్ళడానికి గ్లూకోజు తోడు కావాలి. ఉప్పు వేసిన పలుచని గంజి పసిబిడ్డల ప్రాణం నిలపడంలో ఉన్న రహస్యం ఇదే. కాబట్టి పిండిపదార్థమే విషమని ఎవరైనా చెబితే నమ్మవద్దు.

శ్రీకాకుళం సర్కారు నేర్పిన పాఠం

ఇప్పుడు మన ప్రాంతపు పాత కథ ఒకటి చెప్పుకుందాం. కోస్తా జిల్లాలను ఒకప్పుడు ఉత్తర సర్కారులు అనేవారు. వాటిలో ఒకటి మన శ్రీకాకుళం పేరు మీదనే ఉండేది. ఇంగ్లీషువారు చికాకోల్ అని పిలిచేవారు. ఈ తీరంలో ఒక వింత జబ్బు ఉండేది. కాళ్ళు మొద్దుబారడం, నడక తడబడడం, కొందరికి ఒళ్ళంతా నీరు పట్టి గుండె ఆగిపోవడం దాని లక్షణాలు. దాని పేరు బెరిబెరి. మద్రాసు సైన్యంలో వైద్యుడైన మాల్కమ్‌సన్ ఉత్తర సర్కారుల్లోని ఈ జబ్బు గురించి 1835లో మద్రాసులో ఒక పుస్తకమే ప్రచురించారు. అప్పటికి కారణం ఎవరికీ తెలియదు. గాలి అన్నారు, తేమ అన్నారు.

అసలు కారణం జావా ద్వీపంలో ఒక కోళ్ళ దొడ్డిలో బయటపడింది. ఐక్‌మన్ అనే డచ్చి వైద్యుడు 1890ల్లో అక్కడి కోళ్ళకు కాళ్ళు పడిపోవడం గమనించారు. బాగా పాలిషు పట్టిన తెల్ల బియ్యం మేపినప్పుడు కోళ్ళు జబ్బుపడ్డాయి. తవుడు ఉన్న బియ్యం పెడితే కోలుకున్నాయి. తవుడులో ఉన్న ఆ వస్తువే విటమిన్ బి-1, అంటే థయమిన్. ఆ పరిశోధనకు 1929లో ఐక్‌మన్‌కు నోబెల్ బహుమతి వచ్చింది.

మరి ఇండియాలో అన్నం తినే ప్రాంతాలన్నిటిలో మన తీరంలోనే బెరిబెరి ఎందుకు ఎక్కువ? నీలగిరుల్లోని కూనూరులో ఉన్న పోషకాహార పరిశోధనశాల ఈ ప్రశ్న మీద పనిచేసింది. మెక్‌కారిసన్ 1920ల్లో, ఆ తరువాత ఐక్రాయిడ్, ఆయన సహచరులు 1940లో బియ్యం సమస్య గురించి వివరంగా రాశారు. సంగతి ఏమిటంటే, దక్షిణాన ధాన్యాన్ని ముందు నానబెట్టి, ఉడకబెట్టి, ఆరబెట్టి ఆ తరువాత దంచే అలవాటు ఎక్కువ. మనం ఉప్పుడు బియ్యం అంటాము. అలా ఉడికించినప్పుడు తవుడులోని బి-1 గింజ లోపలికి ఇంకుతుంది, తరువాత పాలిషు పట్టినా కొంత మిగులుతుంది. మన తీరంలో ఎక్కువగా తినేది పచ్చి బియ్యం. మర ఆడిస్తే తవుడుతో పాటు విటమినూ పోతుంది. మిగిలిన కాస్తా నాలుగు సార్లు కడిగిన నీళ్ళలోనూ, వార్చి పారబోసిన గంజిలోనూ పోతుంది.

ఇందులో ఇంకొక విశేషం ఉంది. పిండిపదార్థం నుంచి శక్తిని తీయడానికి శరీరానికి బి-1 తప్పనిసరి. పొయ్యి నిండా కట్టెలు పేర్చి అగ్గిపుల్ల లేకపోతే ఏం లాభం? బెరిబెరి వచ్చిన మనిషి కడుపు నిండా అన్నం తిన్నవాడే. కాని ఆ అన్నానికి తోడు లేదు. తవుడు లేదు, పప్పు లేదు, కూర లేదు.

ఆ బెరిబెరి నేడు మన వార్డుల్లో అరుదు. రోజూ మద్యం తాగి సరిగా తినని వారిలో, అదే పనిగా వాంతులయ్యే గర్భిణుల్లో బి-1 లోపం ఇప్పటికీ చూస్తాము. కాని పాఠం మాత్రం పాతబడలేదు. అప్పుడు ఒంటరి తెల్లన్నం నరాలను తీసింది. ఇప్పుడు అదే ఒంటరి తెల్లన్నం, కదలిక లేని బతుకుతో కలిసి, షుగరు జబ్బును తెస్తోంది.

అంబలి నుంచి సన్నబియ్యం దాకా

మన జిల్లాల్లో మెట్ట పల్లెల పెద్దలను అడగండి. వారి చిన్నతనంలో పొద్దున చోడి అంబలి, మధ్యాహ్నం గంటె అన్నమో సామల అన్నమో తినేవారు. వరి అన్నం పండగకూ, చుట్టాలు వచ్చినప్పుడూ. 1983లో ఎన్.టి.రామారావు గారి ప్రభుత్వం కిలో రెండు రూపాయలకు బియ్యం ఇచ్చింది. ఎన్నో ఇళ్ళలో ఆకలి తీరింది. దానిని తక్కువ చేసి మాట్లాడకూడదు. అయితే బియ్యం చవకైన కొద్దీ చోళ్ళు, గంటెలు కంచం నుంచి జారిపోయాయి. ఆ తరువాత సన్నబియ్యం మోజు వచ్చింది. మల్లెపువ్వులా తెల్లగా ఉంటేనే మంచి బియ్యం అనుకునే రోజులు వచ్చాయి.

భారత వైద్య పరిశోధన మండలి వారి దేశవ్యాప్త అధ్యయనం 2023లో ప్రకటించిన లెక్క ప్రకారం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా షుగరు జబ్బు ఉంది. ఇంకా 13 కోట్లకు పైగా జబ్బు అంచున ఉన్నారు. అదే అధ్యయనం 2025లో మన తిండి గురించి చెప్పిన సంగతి మరీ ముఖ్యమైనది. మనవారికి రోజూ వచ్చే శక్తిలో 62 శాతం పిండిపదార్థాల నుంచే వస్తోంది. అందులో ఎక్కువ భాగం తెల్ల బియ్యం, మర ఆడిన ఇతర ధాన్యాలు, చక్కెర.

కూనూరు పరిశోధనశాల గుర్తుంది కదా? 1918లో మొదలైన ఆ సంస్థే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, జాతీయ పోషకాహార సంస్థగా పేరు పొందింది. ఆ సంస్థ 2024లో ఇచ్చిన సూచనల ప్రకారం ధాన్యాల నుంచి వచ్చే శక్తి 45 శాతం మించకూడదు. రోజుకు 2,000 కేలరీలు అవసరమైన మనిషికి ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు లేదా గుడ్లు, మాంసాహారం కలిపి 85 గ్రాములు, కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు ఉండాలి. ఈ 250 గ్రాములు రోజంతటికీ, వండక ముందు తూకం. పొద్దుటి ఇడ్లీలోని బియ్యం నూక, సాయంత్రం ఉప్మాలోని రవ్వ కూడా ఇందులోనివే.

కంచం ఎలా సర్దుకోవాలి?

తూకాలు, లెక్కలు అందరికీ కుదరవు. కాబట్టి కంచాన్నే కొలతగా పెట్టుకోండి. కంచానికి మధ్యలో ఒక గీత గీసినట్టు ఊహించుకోండి.

• ఒక సగం నిండా కూరలు: ఆనపకాయ, బీరకాయ, దొండకాయ, బెండకాయ, వంకాయ, చిక్కుడు, తోటకూర, బచ్చలి, గోంగూర. ఏ రుతువులో చవకగా దొరికేవి ఆ రుతువులో. నూనె తక్కువ వేయండి.

• మిగిలిన సగంలో సగం పప్పు, గుడ్డు, చేప లేదా మాంసం: ముద్దపప్పు, పెసలు, బొబ్బర్లు, ఉలవలు, నెత్తళ్ళు. మాంసం రోజూ కొనలేకపోయినా గుడ్డు, ఉలవలు అందుబాటులోనే ఉంటాయి.

• చివరి పావు భాగం అన్నం లేదా ఇతర ధాన్యం. బంగాళాదుంప, కంద, చేమ వండిన రోజున అవి కూరల సగంలోకి రావు. ఈ పావు భాగంలోనే సర్దుకోవాలి.

ఇప్పుడు మన ఇళ్ళలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. అన్నం కొండలా, కూర అంచున నంజుకోవడానికి. ఒక్క రోజులో మార్చమంటే ఎవరికీ సాధ్యం కాదు. ఈ వారం రెండు ముద్దలు తగ్గించి, ఆ చోటులో రెండు గరిటెల కూర పెట్టండి. వచ్చే వారం ఇంకొంచెం. నెల తిరిగేసరికి అలవాటవుతుంది.

లెక్క కావాలనుకునేవారికి కొన్ని అంచనాలు: ఒక చిన్న కప్పు, అంటే 150 గ్రాముల అన్నంలో సుమారు 40 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది. ఒక ఇడ్లీలో 10 నుంచి 12, ఒక మధ్యస్థ చపాతీలో సుమారు 20, ఒక మధ్యస్థ అరటిపండులో సుమారు 25, ఒక చెంచా పంచదారలో 5 గ్రాములు.

తినే వరుస కూడా ముఖ్యమే. ముందు కూర, పప్పు కొంత తిని, ఆ తరువాత అన్నం కలుపుకుంటే రక్తంలో చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. భోజనమయ్యాక పదిహేను నిమిషాలు వాకిట్లో నడిస్తే ఇంకా మంచిది. దీనికి పైసా ఖర్చు లేదు.

మీరు అడిగే ప్రశ్నలు

ప్రశ్న: రాత్రి అన్నం మానేసి చపాతీలు తింటున్నాను. అయినా షుగరు తగ్గడం లేదు. ఎందుకు?

జవాబు: ఎన్ని తింటున్నారో లెక్కపెట్టండి. నాలుగు చపాతీలంటే 80 గ్రాముల పిండిపదార్థం. అంటే రెండు కప్పుల అన్నంతో సమానం. గోధుమలో పీచు కొంచెం ఎక్కువన్నది నిజమే గాని, అదేమీ మందు కాదు. రాత్రి ఉప్మా, ఇడ్లీ "లైటుగా" తింటున్నామనేవారికీ ఇదే సమాధానం.

ప్రశ్న: చోళ్ళు మంచివంటారు. అంబలి ఎంతైనా తాగవచ్చా?

జవాబు: చోళ్ళు నిజంగా మంచివి. వంద గ్రాముల చోళ్ళలో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. తెల్ల బియ్యంలో అది నామమాత్రమే. పీచు కూడా తెల్ల బియ్యం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. విజయనగరం వ్యవసాయ పరిశోధన స్థానం మన నేలకు తగిన చోడి రకాలను తయారు చేసింది. వాటిలో ఒక దానికి మన చంపావతి నది పేరే పెట్టారు. అయితే వంద గ్రాముల చోళ్ళలో సుమారు 67 గ్రాముల పిండిపదార్థం ఉంది. తెల్ల బియ్యంలో సుమారు 78. తేడా మీరనుకున్నంత పెద్దది కాదు. పైగా మెత్తగా విసిరిన పిండితో కాచిన జావ త్వరగా అరిగి, త్వరగా రక్తంలోకి చేరుతుంది. 2025 అధ్యయనంలో తేలిన సంగతి కూడా ఇదే. మొత్తం పిండిపదార్థం తగ్గించకుండా తెల్ల బియ్యం బదులు గోధుమపిండి, చిరుధాన్యాల పిండి మార్చినంత మాత్రాన షుగరు ముప్పు తగ్గినట్టు కనబడలేదు. కొంత పిండిపదార్థాన్ని తగ్గించి ఆ చోట మాంసకృత్తులు పెట్టినప్పుడు ముప్పు తగ్గినట్టు కనబడింది. కాబట్టి అంబలి ఒక గ్లాసు చాలు. మజ్జిగ, ఉల్లిపాయ కలుపుకోండి, బెల్లం వద్దు. పక్కన ఉడికిన గుడ్డో గుగ్గిళ్ళో పెట్టుకోండి.

ప్రశ్న: పంచదార మాని బెల్లం వాడుతున్నాము. ఫరవాలేదా?

జవాబు: షుగరు ఉన్నవారికి బెల్లం, తేనె, పంచదార మూడూ ఒకే తానులో ముక్కలు. బెల్లంలో ఖనిజాలు కొద్దిగా ఉన్నా, వాటికోసం తినవలసినంత బెల్లం తింటే నష్టమే ఎక్కువ. రథసప్తమికి చేసే పరమాన్నమైనా, క్రిస్మస్ కేకైనా రుచి చూసేందుకు రెండు చెంచాలు తీసుకోండి. ఆ పూట అన్నం అంత మేరకు తగ్గించండి.

ప్రశ్న: తక్కువ షుగరు బియ్యం అని అమ్ముతున్నారు. కొనవచ్చా?

జవాబు: కొన్ని బియ్యపు రకాలు నెమ్మదిగా అరుగుతాయన్నది వాస్తవం. బాపట్లలో రూపొంది 1986లో వచ్చిన సాంబ మసూరిని మెరుగుపరచి హైదరాబాదు శాస్త్రవేత్తలు తయారుచేసిన రకానికి గ్లైసీమిక్ సూచిక సుమారు 51గా కొలిచారు. ఈ సూచిక 55 లోపు ఉంటే తక్కువ అని లెక్క. కాని సంచి మీద రాసినదంతా నిజం కాకపోవచ్చు. నిజమైనా, రెండింతలు తింటే ఫలితం ఉండదు. ముందు కంచం మార్చండి, తరువాత బియ్యం సంగతి చూద్దాం.

ప్రశ్న: చద్దన్నం, తరవాణి మంచివేనా?

జవాబు: అన్నం చల్లారినప్పుడు దానిలోని గంజి పదార్థం కొంత గట్టిపడి, పీచులాగా అరగకుండా ఉంటుంది. పులియడం వల్ల మేలు చేసే సూక్ష్మజీవులు పెరుగుతాయి. కాబట్టి మంచిదే. కాని కొలత మాత్రం మామూలు అన్నానికి ఉన్నదే. ఎండాకాలంలో వాసన మారినది, మూత లేకుండా ఉంచినది తినవద్దు.

ప్రశ్న: పండ్లు తినకూడదా?

జవాబు: తినవచ్చు. జామకాయ, బొప్పాయి ముక్కలు, బత్తాయి తొనలు మంచివి. రసం తీయకుండా పండుగానే తినండి. మామిడి, పనస, సీతాఫలం, అరటి తక్కువగా తీసుకోండి. భోజనం మీద వెంటనే కాక విడిగా తినండి.

మందులు వాడేవారికి ముఖ్య గమనిక

మొదట చెప్పిన పెద్దాయన వంటి పరిస్థితి మీ ఇంట్లో రాకుండా ఉండాలంటే ఈ భాగాన్ని రెండుసార్లు చదవండి.

• షుగరు మాత్రలు గాని ఇన్సులిన్ గాని వాడేవారు అన్నం బాగా తగ్గించదలచుకుంటే ముందు డాక్టరుకు చెప్పండి. మందు మోతాదు కూడా తగ్గించవలసి రావచ్చు. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు, ఇన్సులిన్ వాడేవారు భోజనం మానితే షుగరు ప్రమాదకరంగా పడిపోతుంది.

• డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి మాత్రలు వాడేవారు పిండిపదార్థాలు పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లాలు పేరుకునే ప్రమాదం ఉంది. వాంతులు, ఆయాసం, కడుపునొప్పి ఉంటే షుగరు అంకె మామూలుగా కనిపించినా వెంటనే ఆసుపత్రికి రండి.

• చెమటలు, వణుకు, గుండెదడ, విపరీతమైన ఆకలి, మాట తడబడడం: ఇవి షుగరు పడిపోయిన గుర్తులు. 70 కంటే తక్కువ ఉంటే, లేదా చూసుకునే మిషను లేకపోతే అనుమానం రాగానే, మూడు చెంచాల పంచదార అర గ్లాసు నీళ్ళలో కలిపి తాగించండి. పదిహేను నిమిషాల్లో తగ్గకపోతే మళ్ళీ ఇవ్వండి. తేరుకున్నాక ఏదైనా తినిపించండి. వోగ్లిబోస్ లేదా అకార్బోస్ మాత్ర వాడేవారికి పంచదార త్వరగా పనిచేయదు. వారి ఇంట్లో గ్లూకోజు పొడి ఉంచుకోవాలి.

• స్పృహ లేని మనిషి నోట్లో నీళ్ళు గాని, పంచదార గాని పోయవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి.

• ఉపవాస ప్రార్థనలు, శ్రమకాల ఉపవాసాలు ఉండేవారు వారం ముందే మా దగ్గరకు వచ్చి మాట్లాడండి. ఇన్సులిన్ వాడేవారు, గర్భిణులు, ఇదివరకు షుగరు పడిపోయినవారు పూర్తి ఉపవాసం ఉండకూడదు. తిండి మాని మందు వేసుకోవడం ఎంత ప్రమాదమో, ఎవరినీ అడగకుండా మందు మానేయడమూ అంతే ప్రమాదం.

కిడ్నీ జబ్బు ఉన్నవారికి వేరే లెక్క

మన జిల్లాలో ఈ మాట చెప్పకుండా ఈ వ్యాసం ముగించలేము. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, పలాస వైపు పల్లెల్లో, కిడ్నీ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో అందరికీ తెలుసు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి ప్రారంభమయ్యాయి.

పైన షుగరు రోగులకు చెప్పిన సలహాలన్నీ కిడ్నీ రోగులకు వర్తించవు. చోళ్ళు, పప్పులు, ముడిబియ్యం, ఆకుకూరలలో పొటాషియం, భాస్వరం ఎక్కువ. దెబ్బతిన్న కిడ్నీలు వాటిని బయటకు పంపలేవు. పొటాషియం మరీ పెరిగితే గుండె ఆగిపోవచ్చు. కిడ్నీ బాగా దెబ్బతిన్నవారికి ఒక్కొక్కప్పుడు తెల్లన్నమే మేలు. పప్పు, మాంసం ఎంత తినాలన్నది కూడా జబ్బు దశను బట్టి, డయాలసిస్ ఉందా లేదా అన్నదాన్ని బట్టి మారుతుంది. మీ క్రియాటినిన్, పొటాషియం రిపోర్టులు తీసుకుని డాక్టరును అడగండి. పక్కింటివారికి పనికొచ్చిన పథ్యం మీకు ప్రాణాపాయం కావచ్చు.

పిల్లలకూ, బాలింతలకూ

ఇంట్లో తాతకు షుగరు ఉందని మనవడి అన్నం తగ్గించకండి. ఎదిగే పిల్లలకు శక్తి కావాలి. వారికి తగ్గించవలసినవి బిస్కెట్లు, కూల్‌డ్రింకులు, చాక్లెట్లు. బాలింతకు పథ్యం పేరుతో కారప్పొడి అన్నం మాత్రమే పెట్టి కూరలు, పప్పు మానిపించడం మన పల్లెల్లో ఇంకా ఉంది. బెరిబెరి కథ చదివాక అది ఎందుకు తప్పో మీకే అర్థమై ఉంటుంది. పాలిచ్చే తల్లికి అన్నమూ కావాలి, అన్నానికి తోడూ కావాలి.

చివరిగా

ఆ పెద్దాయన రెండు రోజులు ఆసుపత్రిలో ఉన్నారు. మాత్ర మోతాదు మార్చాము. ఇంటికి వెళ్ళే రోజు మధ్యాహ్నం మా వంటగది నుంచి ఒక కంచం తెప్పించి ఇద్దరినీ కూర్చోబెట్టాము. సగం ఆనపకాయ కూర, తోటకూర. పావు పెసరపప్పు, ఒక గుడ్డు. పావు అన్నం. ఆయన కంచం వైపు చూసి, "ఇంత కూరా!" అన్నారు. ఆవిడ అన్నం వైపు చూసి, "ఇంతన్నం తినొచ్చేటమ్మా?" అని అడిగింది. తినవచ్చని చెప్పాము. తానే కలిపి మొదటి ముద్ద ఆయన చేతికి అందించింది.

మీ ఇంట్లో షుగరు, కిడ్నీ, గుండె జబ్బులున్నవారు తమ ఆహారం గురించి అడగదలిస్తే, వాడుతున్న మందుల చీటీ, పాత రిపోర్టులు, నిన్న పొద్దుటి నుంచి రాత్రి వరకు ఏమి తిన్నారో రాసిన కాగితం తీసుకుని రండి. వంట చేసేవారిని కూడా తప్పక వెంట తీసుకురండి. కంచం మార్చేది మందుల చీటీ కాదు, వారి చేతి గరిటే.